కొత్త ఇనుము వాసన

ఆ గురువారం మధ్యాహ్నం పడమటి కొండ మీద మబ్బు కమ్ముతుంటే, ఆర్డిత్ పోగ్ పెరట్లోకి వెళ్ళి, మాంసం కాల్చే పెల్లెట్ గ్రిల్ పక్కనుండే తొట్టిలోంచి కట్టె గుళికలన్నీ బకెట్లోకి తోడేసింది. మూలల్లో ఇరుక్కున్న వాటిని కూడా గోటితో గీకి తీసింది. బకెట్‌కి మూత బిగించి, మూత మీద ఓ రాయి పెట్టి, మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ వసారాలోకి ఈడ్చింది. గ్రిల్ మీద గుడ్డ కప్పి తాడు ముడేసింది. పాకలోకి తోలిన ఆవు వీపు మీద చరిచినట్టు దాని మీద ఓసారి చరిచింది.

కంచె అవతల తీగ మీద బట్టలు తీస్తున్న ఇమోజీన్ ఇదంతా చూసింది. "వానొస్తోందే!" అని కేకేసింది.

"వస్తే రానీ. తడిస్తే నువ్వూ నేనూ తడుస్తాం గానీ నా గుళికలు తడవవు" అంది ఆర్డిత్.

లోపలికెళ్ళి బూట్లు విప్పుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. వాన వెలిశాక ఇమోజీన్ ఆపిల్ ‘పై’ రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళి తలుపు తట్టింది. పలక్కపోతే తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆర్డిత్ అదే కుర్చీలో, తల కొంచెం కిటికీ వైపు వాల్చి ఉంది. ప్రాణం లేదు.

ఆర్డిత్ తమ్ముడు హాయిట్‌కి ఫోన్ చేసింది కూడా ఇమోజీనే. చెప్పాల్సింది చెప్పి, ఇంకేం చెప్పాలో తోచక ఆ బకెట్ సంగతీ, రాయి సంగతీ, గ్రిల్‌ని ఆవుని చరిచినట్టు చరవడమూ చెప్పింది. మనిషి పోయిన మాట కంటే ఆ చరిచిన మాటే హాయిట్‌కి ముందు గుండెకి తగిలింది.

*

అమెరికాలో మిస్సోరీలోని ఆ ఓజార్క్ కొండల్లో, బ్రషీ వాగు చుట్టుపక్కల, ఆర్డిత్‌ని ఎరగనివాళ్ళు లేరు. సగం ఊరికి బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టిన చెయ్యి అది. వంటగది గుమ్మంలో నిలబడి "ఆ మూడో డబ్బాలో పాలు రేపటికి విరుగుతాయి, ఇవాళే వాడెయ్యండి" అనేది. డబ్బా మూత తియ్యకుండానే. ఆమె ముక్కు మీద అంత నమ్మకం అందరికీ.

ఆ ఊళ్ళో మే నెల ఆఖరి ఆదివారం డెకరేషన్. అందరూ కొండమీది సమాధుల దగ్గరికి వెళ్తారు. ఎవరి మనుషుల రాళ్ళు వాళ్ళే కడుక్కుంటారు, గడ్డి పీకుతారు, పూలు పెడతారు. తర్వాత అక్కడే చెట్ల కింద గుడ్డలు పరుచుకుని భోజనాలు. ఆ భోజనంలో పంది జబ్బ మాంసం పోగ్‌ల ఇంటి నుంచి రావాలి. ఆర్డిత్ వాళ్ళ నాన్న చర్చి వెనక ఇటుకల గొయ్యిలో హికరీ కట్టెలు కాల్చి, ఆ నిప్పుల మీద రోజంతా మాంసం మగ్గబెట్టేవాడు. ఆయన పోయిన ఏడు గొయ్యి ఎవరు చూడాలని మగాళ్ళంతా తర్జనభర్జనలు పడుతుంటే, ఆర్డిత్ ఏప్రన్ కట్టుకుని పార తీసుకుని వచ్చింది.

"ఆడదానివి, నిప్పుల గొయ్యి నీకెందుకమ్మా" అన్నాడొక పెద్దాయన.

"పొయ్యి ఆడదానిదైనప్పుడు గొయ్యి మాత్రం మగాడిదా? జరగండి, బూట్లు కాల్తాయి" అంది.

మరుసటేడు ఆ పెద్దాయనే అందరికంటే ముందు పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

అన్నేళ్ళ పొగ ఊరికే పోలేదు, ఊపిరితిత్తుల్లో చేరింది. దానికి తోడు రెండేళ్ళ కిందట చలికాలంలో వచ్చిన జబ్బు ఆమెని మంచాన పడేసి లేపింది. గొయ్యి జోలికి వెళ్తే ఇక నా దగ్గరికి రావద్దు అని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆ ఏడూ, మరుసటేడూ డెకరేషన్‌కి ఎవరో బజారు నుంచి అట్టడబ్బాల్లో వేయించిన కోడి తెచ్చారు. ఆర్డిత్ ఆ అట్టడబ్బాల వైపు చూడనైనా చూడలేదు.

హాయిట్ అది కూడా చూడలేదు. కొండమీదికి వెళ్తేగా! నాలుగేళ్ళ కిందట భార్య మార్లిస్‌ని అక్కడ పాతిపెట్టిన రోజే ఆఖరు. పీపాల చెక్కలు కోసే మిల్లులో పని మానేశాక ఇంట్లో కుర్చీకి అంటుకుపోయాడు. అక్క పిలిస్తే "చూద్దాంలే" అనేవాడు. ఆ 'చూద్దాం' ఎన్నడూ తెల్లారేది కాదు. మార్లిస్ రాయి ఏటా ఆర్డితే కడిగేది, రొప్పుతూ కొండెక్కి మరీ.

*

ఈ ఏడు మొదట్లో ఫైర్ స్టేషన్ వాళ్ళ లక్కీ డ్రాలో ఆర్డిత్‌కి ఆ పెల్లెట్ గ్రిల్ వచ్చింది. అలా కరెంటుతో నడిచే పొయ్యిని అంతకు ముందు వారమే చర్చి మెట్ల మీద నిలబడి ఆమె నోరారా తిట్టింది. రంపపు పొట్టుని గట్టిగా నొక్కి చేసిన గుళికలు తొట్టిలో పోస్తే, ఒక మర వాటిని నెమ్మదిగా నిప్పు గిన్నెలోకి నెడుతుంది, ఫ్యాను వాటిని రాజేస్తుంది, మనిషి కుర్చీలో కూర్చోవచ్చు. "కూర్చుని వండేదాన్ని వంటంటారా, ముసలితనం అంటారు" అంది. వారం తిరిగేసరికి అట్టపెట్టె ఆమె పెరట్లో దిగింది.

ఆమె హాయిట్‌కి ఫోన్ చేసింది. "ఒరేయ్, మరల సంగతి నీకు తెలుసు, నాకు తెలీదు. శనివారం వచ్చి బిగించి పో."

"చూద్దాంలే అక్కా."

"చూడ్డానికేముంది, అట్టపెట్టె. వాన వస్తే నానిపోద్ది. నానితే నీ పేరు చెప్పి ఏడుస్తా."

హాయిట్ వచ్చాడు. మధ్యాహ్నానికి బిగించాడు. పెట్టెతో కూడా వచ్చిన పుస్తకం తిరగేసి, "మొదటిసారి మాంసం పెట్టకూడదంట. వట్టిదే కాసేపు సన్నమంట మీద, తర్వాత ఎక్కువ వేడి మీద కాల్చాలంట. ఫ్యాక్టరీ నూనె వాసన పోవాలంట" అన్నాడు.

"అది పుస్తకం చెప్పాలా? కొత్త ఇనుముని మచ్చిక చేసుకోవాలి. అమ్మ పెనం ఎలా నల్లగా నిగనిగలాడుతుందో చూశావుగా." అని లోపలికెళ్ళి పంది కొవ్వు డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "లోపలంతా పట్టించు. మొహమాటపడకు."

ఆ కొండల్లో పుట్టినవాడెవడైనా అదే చేస్తాడు. పోత ఇనుప పెనానికి కొవ్వు పూసి కాలుస్తారు, మళ్ళీ పూస్తారు, మళ్ళీ కాలుస్తారు. సబ్బు తగలనివ్వరు. హాయిట్ కూడా గుడ్డ ముంచి అడుగు నుంచి మూత దాకా పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు పెట్టాడు. వేడి కొలిచే సన్న పుల్లకి కూడా బాగా పట్టించాడు.

ఆ పుల్లే కొంప ముంచింది. కొవ్వు మందంగా పట్టేసరికి లోపలి వేడి దానికి తెలియలేదు. ఇంకా చల్లగానే ఉందనుకుని మర గుళికలు నెడుతూనే పోయింది. ముందు తెల్లటి పొగ, తర్వాత పసుప్పచ్చటి పొగ, తర్వాత మూత సందుల్లోంచి నాలుక చాపిన మంట. హాయిట్ మూత ఎత్తాడు. మంట అతని టోపీ అంచుని పలకరించింది.

"మూత వెయ్యరా, పిచ్చి సన్నాసీ! గాలి తగిలితే ఇంకా లేస్తుంది!"

"నువ్వేగా అంతా పూయమన్నావ్!"

"పూయమన్నా గానీ అభ్యంగనం చేయించమన్నానా!"

కంచె అవతల ఇమోజీన్ అప్పటికే ఫోన్ చేసింది. ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వచ్చేసరికి, మూత వేసి స్విచ్ ఆపిన గ్రిల్‌లో మంట తనంతట తనే చచ్చింది. అక్కా తమ్ముడూ మసి మొహాలతో గడ్డి మీద కూర్చుని ఉన్నారు. దళపతి క్లీట్ హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు.

"మేమిచ్చిన బహుమతిని మేమే ఆర్పాల్సి రావడం ఇదే మొదటిసారి ఆర్డిత్ గారూ. ఇంతకీ, వంటేంటి?"

"హాయిట్ కనుబొమలు" అంది ఆర్డిత్. "కొంచెం మాడాయి. తినగలిగితే తిను."

ముందు క్లీట్ నవ్వాడు, తర్వాత హాయిట్. అక్క అతని వంక ఒక్క క్షణం చూసి మొహం తిప్పుకుంది. మార్లిస్ పోయాక అతను నవ్వగా ఆమె చూడ్డం అదే మొదలు.

*

మరుసటి శనివారం కొవ్వంతా గీకి, పుల్లని మెత్తటి గుడ్డతో తుడిచి, కొవ్వు కారే పళ్ళానికి కొత్త రేకు కాగితం చుట్టి మళ్ళీ వట్టిది కాల్చారు. ఈసారి పుస్తకం చెప్పినట్టు పల్చగా నూనె చెయ్యి మాత్రమే రాశారు. చల్లారాక ఆర్డిత్ వంగి, కళ్ళు మూసుకుని, రొప్పు వచ్చేదాకా గట్టిగా పీల్చింది.

"ఊహూఁ. ఇంకా ఇనుప వాసనే. వచ్చే శనివారం మళ్ళీ కాల్చు."

"నాకేం రావట్లేదక్కా."

"నీకేం వస్తుంది, మిల్లులో ఓక్ పొట్టు పీల్చి పీల్చి నీ ముక్కెప్పుడో మూసుకుపోయింది. ఫ్యాక్టరీ నూనె కంపు మాంసానికి పడితే కొండమీద నా పరువేం కాను?"

ఆ ముక్కుతో ఎవరు వాదిస్తారు? అతను వచ్చే శనివారం వచ్చాడు. ఆ వారమంతా ముసురు. తొట్టిలో వదిలేసిన గుళికలు చెమ్మకి ఉబ్బి, పొడైపోయి, మర చుట్టూ బిగుసుకుపోయాయి. హాయిట్ మర విప్పి స్క్రూడ్రైవరుతో ఆ ముద్దని పొడిచి పొడిచి తీశాడు. అంత ఇబ్బంది ఎక్కడ నుంచి వచ్చిందో చేతులకి తెలిసింది. చిన్నప్పటి నుంచీ ఆ పొట్టుతోనే బతికినవాడు, పొట్టుకి నీళ్ళ దాహమని తెలిసీ మర్చిపోయాడు.

"ఇకనుంచి మబ్బు పడితే తొట్టి ఖాళీ" అన్నాడు. "బకెట్లో మూత పెట్టి ఉంచు. చల్లారాక నిప్పు గిన్నెలో బూడిద తీసెయ్యి, లేకపోతే రాజుకోదు. మంట మధ్యలో ప్లగ్గు పీకేయకు, ఫ్యాను తిరిగి తిరిగి దానంతటదే ఆగాలి. పీకితే నిప్పు మర వెంట వెనక్కి పాకుద్ది. వింటున్నావా?"

"వింటున్నా అయ్యవారూ. ఇప్పుడు చెప్పేవాడివయ్యావా? బడిలో చెప్తే వినేవాడివి కూడా కాదు."

ఆమె రొట్టె ముక్కల మధ్య బొలోనా మాంసం పెట్టి తెచ్చింది. ఇద్దరూ తినడానికి కూర్చున్నారు. కాఫీ తెద్దామని హాయిట్ వంటింట్లోకి వెళ్తే పొయ్యి మీద గిన్నె నీళ్ళింకి, కాఫీ మాడి, గదంతా కంపు కొడుతోంది. అప్పటిదాకా ఆమె ఆ గదిలోనే రొట్టెలు కోసింది.

"ఏంటే ఇది, కొంప తగలెడతావా?"

"ఏదో ఆలోచిస్తున్నాలేరా" అంది ఆర్డిత్. గిన్నె తీసి నీళ్ళ కింద పెట్టింది.

ఆ సాయంత్రం కాల్చాక మళ్ళీ వంగింది. మళ్ళీ పీల్చింది. "ఇంకా ఉంది."

అలా శనివారాలు గడిచాయి. వట్టి గ్రిల్ కాల్తూ ఉండేది. అక్కా తమ్ముడూ దాని పక్కన కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళు. నాన్న గురించి, చింపిరి జుట్టుతో మార్లిస్ మొదటిసారి వాళ్ళింటికి వచ్చిన రోజు గురించి మాట్లాడుకునేవాళ్ళు. మార్లిస్ పేరు నోటికి రావడం మొదట్లో హాయిట్‌కి ఎముక మింగినట్టుండేది. తర్వాత తర్వాత నీళ్ళు తాగినంత అయింది. ఇంటికెళ్ళేటప్పుడు ఆర్డిత్ ఎప్పుడూ ఒకటే అడిగేది.

"ఈసారి మాంసం కొండమీదికి ఎవరు మోస్తారు?"

"క్లీట్ బండి పంపిస్తాడులే."

"బండి సంగతి కాదు నేనడిగేది. నేనీ ఏడు ఆ కొండెక్కలేను హాయిట్. మార్లిస్ రాయి ఎవరు కడుగుతారు?"

అతను కారు తలుపు వేసుకునేవాడు. ఆమె వెనకనుంచి "వచ్చే శనివారం రా, ఇంకా వాసన పోలేదు" అని కేకేసేది.

ఏప్రిల్ ఆఖర్లో ఒక సాయంత్రం అతనికి విసుగొచ్చింది. గుళికల సంచీ నేలకేసి కొట్టాడు. "ఎన్నిసార్లే? ఊళ్ళో వాళ్ళంతా నవ్వుతున్నారు, పోగ్‌లు గాలిని వండుకు తింటున్నారని. ఇక కాల్చను."

"అయితే మాంసం సంగతి?"

"మాంసం నేనే వండుతా. నేనే మోస్తా. రాయి కూడా నేనే కడుగుతా, సరేనా? ఇక నన్నొదిలెయ్!"

అన్నాక తనేమన్నాడో అతనికే వినపడింది. ఆర్డిత్ గ్రిల్ దగ్గరికి నడిచి, మూత ఎత్తి, వంగి, కళ్ళు మూసుకుని పీల్చింది. చాలాసేపు అలాగే ఉంది.

"పోయిందిరా" అంది. "పూర్తిగా పోయింది."

మరుసటి శనివారం మొదటి జబ్బ మాంసం వండారు. తెల్లారుతూనే పెట్టి, సాయంత్రం దాకా మూత తియ్యకుండా ఓర్చుకున్నారు. ఆర్డిత్ ఎముక పట్టుకుని లాగితే వెన్నలోంచి చాకు తీసినట్టు వచ్చేసింది. ఆమె ఒక పోగు వేళ్ళతో నలిపి చూసింది, నోట్లో వేసుకుంది.

"నాన్న గొయ్యిలో మాంసంలా ఉందా?" అన్నాడు హాయిట్.

"చేతికి అలాగే ఉంది" అంది.

ఆ తర్వాత వచ్చిన గురువారమే మబ్బు పట్టింది.

*

అంత్యక్రియల నాడు కూడా వానే. హాయిట్ గుడారం కింద తల వంచుకుని నిలబడి, పాదిరి ఆఖరి మాట అనగానే కారెక్కి వెళ్ళిపోయాడు. పక్క వరసలోనే ఉన్న మార్లిస్ రాయి వైపు తిరగలేకపోయాడు.

డెకరేషన్ ముందు రోజు శనివారం. అలవాటైన కాళ్ళు అక్క పెరట్లోకి తీసుకొచ్చాయి. ఇంచుమించు రెండు వారాలు ఎడతెగని తడి. ఇప్పుడు తొట్టి సిమెంటు ముద్దై ఉంటుందనీ, అదే సాకు చెప్పి ఇంటికెళ్ళి పడుకోవచ్చనీ అనుకుంటూ గుడ్డ తీశాడు. బకెట్ సంగతి ఇమోజీన్ చెప్పింది గానీ, ఆ రోజు విన్న వాటిలో చరిచిన మాట తప్ప ఇంకేదీ అతని బుర్రలో నిలవలేదు. మూత ఎత్తాడు. తొట్టి అద్దంలా పొడిగా ఉంది. మూలల్లో ఒక్క గుళిక లేదు. మర వేలితో తిప్పితే కులాసాగా తిరిగింది. వసారాలో బకెట్, దాని మీద రాయి.

ఆ రాయి పక్కన పెట్టి అతను మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాడు. తర్వాత లేచి బూడిద తీశాడు, రేకు కాగితం మార్చాడు, పుల్ల తుడిచాడు. గుళికలు పోశాడు. అవి గలగలమని పడ్డాయి.

బజారు నుంచి జబ్బ మాంసం తెచ్చి పెట్టాడు. ఆ రోజంతా అక్క కుర్చీ తన కుర్చీ పక్కనే వేసుకున్నాడు. నల్లబడి నిగనిగలాడుతున్న మూత లోపలి వైపు చూసి, అమ్మ పెనం గుర్తొచ్చి, "చూశావా" అని పైకే అన్నాడు. మాంసం ఉడికాక గుడ్డలో చుట్టి, మంచు పెట్టే పెట్టెలో మంచు లేకుండా పెట్టాడు, వేడి తెల్లారేదాకా నిలవాలని. అది కూడా ఆమె చెప్పిందే.

ఆదివారం ఎండ కాసింది. క్లీట్ బండి తెస్తానంటే వద్దన్నాడు. పెట్టె భుజాన పెట్టుకుని రెండుసార్లు దించుకుని కొండెక్కాడు. మాంసం చెట్ల కింద బల్ల మీద పెట్టి, చేత్తో బకెట్ పట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళాడు. ముందు అక్క దగ్గర పచ్చిమట్టి మీద అడవిపూలు పెట్టాడు. తర్వాత పక్క వరసలోకి నడిచాడు. మార్లిస్ పేరులో నాచు పట్టిన అక్షరాలని ఒక్కొక్కటే చిన్న బ్రష్‌తో కడిగాడు. ఎండ పడి రాయి ఆరేదాకా అక్కడే గొంతుక్కూర్చున్నాడు. దీనికేనా అంత భయపడింది, అనిపించింది. రాయి రాయే. ఆ పక్కన గడ్డిలో ఎవరో పోయినేడు నాటిన డాఫడిల్ దుబ్బులు, పూలు రాలిపోయి ఆకులు మాత్రం ఉన్నాయి. ఎవరు నాటారో అడగక్కర్లేదు.

బల్ల దగ్గర అప్పటికే వరస కట్టారు.

"ప్లగ్గు పంది వచ్చిందా?" అన్నాడు క్లీట్. "ఫైరింజన్ తేలేదు ఈసారి, జాగ్రత్త."

"తిని మాట్లాడు. పళ్ళెం పట్టు."

క్లీట్ తిన్నాడు. మళ్ళీ పళ్ళెం పట్టాడు. అదే జవాబు. ముసలాళ్ళు నముల్తూ తలలూపారు. ఒకావిడ వచ్చే ఏడు కూడా నువ్వేగా అంది, అడిగినట్టు కాదు, చెప్పినట్టు. హాయిట్ "చూద్దాం" అనబోయి, నాలుక కరుచుకుని, "నేనే" అన్నాడు.

అందరూ సర్దుకునే వేళ ఇమోజీన్ ఖాళీ పళ్ళాలు పేరుస్తూ అతని పక్కకి వచ్చింది. మాంసం అడుగున మిగిలిన తునకని నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ఎంత బావుందో ఈ పొగ వాసన. పాపం, ఆర్డిత్ ఉండి తిన్నా దీని వాసన మాత్రం తెలిసేది కాదు."

"అదేంటి?"

"రెండేళ్ళ కిందటి జబ్బప్పుడు పోయింది కదా ముక్కు, ఇక తిరిగి రాలేదు. నీకు చెప్పలేదా? పాలు విరిగాయో లేదో రోజూ నా దగ్గరికే గ్లాసు పట్టుకొచ్చేది, వాసన చూసి చెప్పవే అని."